విశాఖకు రేసు వద్దు, ఒక షెడ్డు ఇవ్వండి

జూన్‌లో ఒక శనివారం మా ఇంట్లోవాళ్లు నన్ను లెక్కలోంచి తీసేస్తారు. రాత్రి ఏడున్నరకు టీవీ ముందు కూర్చున్నానంటే మర్నాడు రాత్రి ఏడున్నర దాకా పెళ్లికీ పనికిరాను, పేరంటానికీ పనికిరాను. ఫ్రాన్స్‌లోని లె మాన్‌లో 24 గంటల కార్ల రేసు జరిగే వేళ అది. 1923లో పుట్టిన పోటీ. చుట్టు పొడవు 13.6 కిలోమీటర్లు, అందులో చాలా భాగం మామూలు రోజుల్లో ఊరి జనం తిరిగే రోడ్డే. 2025లో 62 కార్లు దిగాయి. కారుకి ముగ్గురు చొప్పున 186 మంది డ్రైవర్లు.

నేను విశాఖ స్టీల్‌ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో మెకానికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరైనవాణ్ణి. ఫార్ములా వన్ కూడా చూస్తాను గానీ దాని మీద నాకంత గురి లేదు. అది మొనగాళ్ల ఆట. లె మాన్ షిఫ్టుల పని. ఏ డ్రైవరూ ఆరు గంటల్లో నాలుగు గంటలకు మించి నడపకూడదు, మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. అంటే కారు ఒకడి చేతిలోంచి ఇంకొకడి చేతిలోకి, వాడి నుంచి మూడోవాడికి మారుతూనే ఉండాలి. మా ఏ షిఫ్టువాడు బీ షిఫ్టువాడికి మిషను అప్పజెప్పినట్టే. ముందువాడు ఎక్కడో గీకించి ఉంటాడు, బ్రేకులు అరగ్గొట్టి ఉంటాడు, సీ షిఫ్టువాడు ఆ పాపం మోస్తూ తెల్లారేదాకా లాగాలి. ఇంకో నియమం నాకు మరీ ఇష్టం. మనం రోడ్డు మీద చూసే కార్లకు దగ్గరి చుట్టాలైన ఎల్‌ఎంజీటీ3 తరగతిలో, ప్రతి కారుకూ ఒక్కరైనా వృత్తి డ్రైవరు కాని మనిషి ఉండి తీరాలి. వ్యాపారం చేసుకునేవాడో, ఇంకేదో ఉద్యోగం ఉన్నవాడో. రాత్రి రెండు గంటలకు వాడి పక్కనుంచే ప్రపంచ చాంపియన్లు దూసుకుపోతుంటారు.

కారు పిట్‌లో ఆగినప్పుడు నేను డ్రైవరు మొహం చూడను, మెకానిక్కుల చేతులు చూస్తాను. ముందు ఇంధనం, అది పూర్తయ్యాకే టైర్లు. రెండూ కలిపి చేస్తే శిక్ష. అది చూస్తుంటే మా మిల్లులో ఫినిషింగ్ బ్లాకు దగ్గర రింగులు మార్చడం గుర్తొస్తుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ రింగు అరిగిపోతే మార్చాలి, మార్చినంతసేపూ మిల్లు నిలబడి ఉంటుంది, నిలబడ్డ ప్రతి నిమిషానికీ కంట్రోల్ రూమ్ నుంచి ఫోను. ఒకడు గైడు విప్పుతుంటే రెండోవాడు రింగు తుడిచి అందించాలి, మూడోవాడు నీళ్ల నాజిల్ చూసుకోవాలి. మాటల్లేవు. గైడు వెంట్రుకవాసి పక్కకి బిగిసిందా, మిల్లు ఎత్తగానే కాబుల్. ఎర్రగా కాలిన కడ్డీ దారి తప్పి జిలేబీ చుట్టలా గాల్లోకి లేస్తుంది. ఆ పూట టార్గెట్టు గోవిందా. తప్పు చేసినవాడి పేరు ఎక్కడా రాయరు, షిఫ్టు మొత్తం పేరు పోతుంది.

లె మాన్‌లో కాబుల్ ఎలా ఉంటుందో 2016లో చూశాం. టొయోటా అప్పటికి ఏళ్ల తరబడి అక్కడ గెలవాలని పోరాడుతోంది, ఒక్కసారీ గెలవలేదు. ఆ ఏడు 24 గంటల రేసులో మూడు నిమిషాల చిల్లర మిగిలి ఉండగా 5వ నంబరు టొయోటా ముందుంది. నడుపుతున్నది కజుకి నకజిమా. సరిగ్గా పిట్ ఎదురుగా, జట్టు మనుషులంతా గోడ మీద నిలబడి చూస్తుండగా కారు నీరసించి ఆగిపోయింది. వెనక వస్తున్న 2వ నంబరు పోర్షే దాన్ని దాటేసి గెలిచింది. తర్వాత విప్పి చూస్తే తేలిందేమిటంటే, టర్బోచార్జరుకీ ఇంటర్‌కూలరుకీ మధ్య గాలిగొట్టం కలిపేచోట లోపం. చివరి చుట్టు మరీ నిదానంగా పూర్తి చేసినందుకు ఆ కారును ఫలితాల పట్టికలోంచే తీసేశారు. కోట్ల డాలర్ల యంత్రం, ఒక గొట్టం జాయింటు. మెయింటెనెన్స్ చేసినవాడెవడికైనా ఆ రాత్రి అన్నం సహించదు. టొయోటా మాత్రం దుకాణం కట్టేయలేదు. 2018 నుంచి 2022 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది.

ఆ పోర్షేలో చివరి షిఫ్టు చేసినవాడు నీల్ జానీ. స్విట్జర్లాండ్ వాడు, తండ్రి భారతీయుడు. ఇతగాడు 2022లో మన హైదరాబాద్ వచ్చి, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం పక్కనుంచి కారు తోలాడని ఎంతమందికి గుర్తుంది? ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టు. జానీతో పాటు బెంగళూరు కుర్రాడు అఖిల్ రవీంద్ర, ఫ్రెంచి అమ్మాయి లోలా లొవాంఫోస్, మన హైదరాబాద్ వాడు, 2016లోనూ 2017లోనూ యూరో జేకే చాంపియన్ అయిన అనిందిత్ రెడ్డి. ఇటలీలో తయారైన వోల్ఫ్ కారు, దానికి అప్రిలియా మోటార్‌సైకిల్ ఇంజను. లె మాన్ గెలిచినవాడు మన వీధిలో తిరుగుతుంటే మనం ఆ వారం మాట్లాడుకున్నదల్లా ట్రాఫిక్ మళ్లింపుల గురించి. జనాన్ని తప్పుపట్టను. నవంబర్‌లో మొదటి విడత ప్రమాదాలతో, ఆలస్యాలతో అసలు రేసు జరక్కుండానే ముగిసింది. డిసెంబర్‌లో జరిగింది, కొచ్చి జట్టు కప్పు పట్టుకుపోయింది.

రెండు నెలలకే, 2023 ఫిబ్రవరి 11న అదే ఒడ్డున ఫార్ములా ఈ. అవి స్పోర్ట్స్ కార్లు కావు, కరెంటుతో నడిచే ఒంటి సీటు కార్లు. అయినా 2013లో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ ఆగిపోయాక మన దేశంలో జరిగిన మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు అదే. డీఎస్ పెన్స్కే జట్టు తరఫున జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంటికెళ్లాయి, ఒకే గ్యారేజీలో మాట్లాడుకోవలసినవాళ్లు మలుపులో మాట్లాడుకున్నారన్నమాట. టీవీలో బుద్ధుడి విగ్రహం, నీళ్లు, దీపాలు, అంతా అద్భుతంగా ఉంది. 2024 రేసు రద్దయింది. ఆ ఏడు డిసెంబర్‌లో, నిర్వాహకులకు పంపిన దాదాపు 55 కోట్ల రూపాయల మీద ఏసీబీ కేసు పెట్టింది. అప్పటి మంత్రి కె.టి.రామారావు, అధికారుల పేర్లు అందులో ఉన్నాయి. ఆయన ఆరోపణలను తోసిపుచ్చారు. తప్పొప్పులు కోర్టులు తేలుస్తాయి, నాకు వాటితో పని లేదు.

నా గొడవ వేరే. అంత హంగామా తర్వాత హైదరాబాద్‌లో ఏం మిగిలింది? దిమ్మెలు ఎత్తుకుపోయారు, కంచెలు విప్పుకుపోయారు, కార్లు కంటెయినర్లలో ఎక్కి వెళ్లిపోయాయి. బ్లాక్‌బర్డ్స్‌ను 2023లో నాగచైతన్య కొన్నాడు. సినిమావాళ్లు జట్లు కొనడం మీద నాకేం ఫిర్యాదు లేదు. అతనికి కార్ల పిచ్చి ముందునుంచీ ఉన్నదే, గోవా జట్టు కొన్న జాన్ అబ్రహంకి మోటార్‌సైకిళ్ల పిచ్చి ఉన్నట్టు. కానీ హైదరాబాద్ అనే పేరు పెట్టుకున్న ఆ జట్టు 2024 సీజనంతా తమిళనాడులోనే పరుగెత్తింది. ఇరుంగట్టుకోట్టై, చెన్నై వీధులు, కోయంబత్తూరు. చెన్నైలో రాత్రి వీధి రేసు 2023 డిసెంబర్‌లో జరగాల్సింది, మిగ్‌జాం తుపాను ముంచేసింది. అయినా వదల్లేదు, 2024 ఆగస్టు 31న పెట్టి చూపించారు. వాళ్లకు ఓపికెక్కడిది అంటే, వీధి రేసు పోయినా వాళ్ల చేతిలో ట్రాకులున్నాయి, వర్క్‌షాపులున్నాయి, క్లబ్బులున్నాయి. ఆట అక్కడ కాపురం పెట్టింది, మన దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్లింది.

ఆ కాపురం కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందులో తెలుగువాళ్లున్నారు. మన విశాఖ మీదుగా పోయే కోల్‌కతా హైవే పట్టుకుని దక్షిణానికి వెళ్తే మద్రాసు ఇంకాస్త దూరం ఉండగా షోలవరం వస్తుంది. యుద్ధకాలంలో విమానాలు దిగిన రన్‌వే. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు దాని మీద దశాబ్దాల పాటు రేసులు నడిపారు. ఫియట్లు, హెరాల్డులు, ఇంట్లో విప్పి బిగించుకున్న బండ్లు. ఆ తర్వాత 1990 ప్రాంతంలో ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నారు. సర్కారు కట్టింది కాదు, క్లబ్బు కట్టుకున్నది. ఇక కోయంబత్తూరు. ఇళ్లల్లో తెలుగు మాట్లాడుకునే నాయుళ్లు నూలు మిల్లులు, పంపులు, మోటార్లు పెట్టిన ఊరు. జి.డి.నాయుడు ఊరు. లక్ష్మీ మిల్లు కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ అక్కడే 1988లో మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారు కట్టాడు. విదేశీ కారు తెప్పించుకునే స్తోమత లేనివాడు కూడా రేసు నేర్చుకోవాలని ఆయన పంతం. విరిగితే పక్క వీధిలో విడిభాగం దొరికేలా కట్టాడు. మన దేశం నుంచి మొదట ఫార్ములా వన్‌కి వెళ్లిన నారాయణ్ కార్తికేయన్ ఆ ఊరివాడే, ఆ కార్లలో చెయ్యి తిరిగినవాడే. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. 2003లో తెరిచిన ట్రాకుకు ఆయన పేరే, కరి మోటార్ స్పీడ్‌వే.

ఇప్పుడు చెప్పండి, కోయంబత్తూరుకి ఉండి విశాఖకి లేనిది ఏమిటి? లేత్ పని మనకు రాదా? హిందుస్థాన్ షిప్‌యార్డు ఉంది, డాక్‌యార్డు ఉంది, ఇప్పుడు బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయిన బీహెచ్‌పీవీ ఉంది, మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్న స్టీల్‌ప్లాంటు ఉంది. షిప్‌యార్డుకు 1941లో పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచంద్, 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. ఆ ఫ్యాక్టరీ ఫియట్లే షోలవరంలో దుమ్ము రేపాయి. అదే మనిషి మన ఊళ్లో ఓడలు కట్టించాడు, అక్కడ కార్లు చేయించాడు. మనకి ఓడలు దక్కాయి, మంచిదే. కానీ వెల్డింగు, ఫిట్టింగు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు తెలిసిన చేతులు ఒక్క ఊళ్లో ఇన్ని ఉన్నచోట్లు దేశంలో ఎన్నని? ఆ చేతుల్లో చాలామటుకు ఇప్పుడు కూర్మన్నపాలెం పార్కు బెంచీల మీద పేకముక్కలు కలుపుతున్నాయి.

గాజువాక ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక లేత్ షాపుంది. సాయంత్రాలు అక్కడ కూర్చోవడం నాకు అలవాటు. అక్కడికి ఈ మధ్య ఇంజనీరింగ్ కాలేజీ గుంటలు నలుగురైదుగురు వచ్చారు. ఫార్ములా భారత్ అనే విద్యార్థుల పోటీకి కారు కడుతున్నారట. ఏటా కరి స్పీడ్‌వేలోనే జరుగుతుంది. చేతిలో హబ్ డ్రాయింగు, ల్యాప్‌టాపులో రంగురంగుల స్ట్రెస్ బొమ్మలు. మేస్త్రీ డ్రాయింగు తిప్పి తిప్పి చూసి, "బాబూ, బొమ్మ బాగుంది గానీ ఈ మూల దగ్గర రేడియస్ ఏదీ? ఇలా నిటారుగా కోసేత్తే ఇక్కడే ఇరిగిపోద్ది. ఏటండి మాస్టారూ?" అని నావైపు చూశాడు. నేను తలూపాను. టీమ్ లీడరు పిల్ల, మెకానికల్ మూడో సంవత్సరం, వెంటనే పెన్ను తీసి డ్రాయింగు మీదే దిద్దింది. సాఫ్ట్‌వేరు వాళ్లకు చెప్పలేదు, ముప్పై ఏళ్లు షాఫ్టులు కోసినవాడు చెప్పాడు. నాకు ఆ అయిదు నిమిషాలు ఏ గ్రాండ్ ప్రి చూసినా రాని ఆనందం ఇచ్చాయి.

తర్వాత కారు సిద్ధమైంది, నడిపేచోటు లేదు. కాలేజీ పార్కింగులో ఆదివారాలు తిప్పారు, చప్పుడని ఆపించారు. ఊరవతల లేఅవుట్ రోడ్డు మీద తిప్పుదామంటే సాయంత్రానికి ఎవరో ఫిర్యాదు. ఫార్ములా భారత్‌లో కారును 60 డిగ్రీలు పక్కకు వంచి చూస్తారు, చుక్క ఆయిలు కారితే లోపలికి రానివ్వరు. బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టేయాలి. ఇవన్నీ గట్టెక్కాక 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్, మధ్యలో డ్రైవరు మారాలి. చిన్న లె మాన్ అన్నమాట. అందులో మనవాళ్ల కారు ఆగిపోయింది. వేడెక్కి ఒక హోస్ క్లిప్పు సడలింది. ఊళ్లో ఒక్క రోజు గట్టిగా నడిపి ఉంటే ఇక్కడే బయటపడేది. టొయోటా జాయింటుకీ, గాజువాక క్లిప్పుకీ తేడా ఒక్కటే. టొయోటాకి మళ్లీ మళ్లీ పరీక్షించుకునే చోటుంది.

ఇంకోవైపు చూడండి. అర్ధరాత్రి దాటితే బీచ్ రోడ్డు, భీమిలి రోడ్డు మీద బైకుల రేసులు. మార్చిన సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించే ఫొటోలు పేపర్లో చూస్తాం. తొక్కించండి, తప్పులేదు, ఆసుపత్రిలో నిలబడే తల్లిదండ్రుల బాధ ఏమిటో నాకు తెలుసు. కానీ ఆ సైలెన్సరు కోసి, అతికి, బిగించినవాడికి పనైతే వచ్చు కదా. వాణ్ణి కూర్చోబెట్టి, హెల్మెట్టు పెట్టి, టైము రాసి, "ఇదిగో నీ సత్తా ఇక్కడ చూపించు" అని చెప్పే చోటు ఈ ఊళ్లో ఒక్కటి లేదు.

బీచ్ రోడ్డు మీదే కార్ల రేసు పెడితే పోలా అని ఆశపడే మిత్రులు నాకున్నారు. రోడ్డు మూయడం మనకు కొత్తకాదు. నేవీ డేకి మూస్తాం, ఫ్లీట్ రివ్యూకి మూశాం, 2025 జూన్ 21న యోగా కోసం ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా జనాన్ని కూర్చోబెట్టాం. సముద్రం పక్కన కార్లు పరుగెడుతుంటే టీవీలో మొనాకో కూడా దిగదుడుపే, ఒప్పుకుంటాను. అయినా నాకు వద్దు. ఆ డబ్బంతా సిమెంటు దిమ్మెలకీ, లైసెన్సు ఫీజులకీ పోతుంది. మూడో రోజున చేపలు అమ్ముకునేవాళ్లు ఎప్పటిలా కూర్చుంటారు, కార్లు కట్టే కుర్రాళ్లకి మాత్రం ఎప్పటిలాగే చోటుండదు.

కావలసింది చాలా చిన్నది. అచ్యుతాపురం వైపో, ఆనందపురం వైపో, ఇళ్లకు దూరంగా కిలోమీటరు పైచిలుకు మలుపుల ట్రాకు. మొదట గో-కార్టులకు, కాలేజీ కార్లకు సరిపోతే చాలు. పక్కన ఒక పెద్ద షెడ్డు, అందులో ఇంజను డైనమోమీటరు, మంచి లేత్, మిల్లింగు, వెల్డింగు బే. ఇది కొత్త ఆలోచనేం కాదు. పెదగంట్యాడ దగ్గర మెడ్‌టెక్ జోన్‌కి 270 ఎకరాలిచ్చి, చిన్న కంపెనీలు విడివిడిగా కొనుక్కోలేని పరీక్ష పరికరాలు అందరికీ కలిపి పెట్టారు. వైద్య పరికరాలకి పనికొచ్చిన పద్ధతి రేసు కార్లకి ఎందుకు పనికిరాదు? నాకు అందులో పదో వంతు నేల చాలు. నడపడం మాత్రం ఏ శాఖకీ అప్పజెప్పొద్దు, మద్రాసులోలా క్లబ్బు నడపాలి. సర్కారు నడిపితే ప్రభుత్వం మారిన రోజున గేటుకి తాళం పడుతుంది. హైదరాబాద్‌లో ఎన్నికలు 2023 నవంబర్‌లో అయ్యాయి, రేసు పోయింది 2024 జనవరిలో.

స్టీల్‌ప్లాంటుకే దిక్కులేకపోతే నీకు కార్ల రేసులా అని మా యూనియన్ మిత్రుడు ఒకాయన కస్సుమన్నాడు. 2021 జనవరిలో నూరు శాతం అమ్మేస్తామన్న నాటి నుంచి మేం చేసిన ధర్నాల్లో ఆయన పక్కనే కూర్చున్నాను కాబట్టి ఆ కోపం నాకు అర్థమవుతుంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, ఫర్నేసులు వెలుగుతున్నాయి, కాంట్రాక్టు కార్మికుల బతుకు మాత్రం ఇంకా కుదురుకోలేదు. రేసు షెడ్డు వాళ్లకు ఉద్యోగాలిస్తుందని నేననను. అలా చెప్పేవాణ్ణి నమ్మొద్దు కూడా. నేననేది ఇంతే. వీఆర్‌ఎస్‌ తీసుకుని వెళ్లిపోయిన ప్రతి ఫిట్టరుతో పాటు, ఏ పుస్తకంలోనూ లేని పని ఒకటి ఊరు దాటిపోతోంది. దాన్ని తర్వాతివాడికి అప్పజెప్పడానికి ఒక షిఫ్టు మార్పిడి చోటు కావాలి. కుర్రాళ్లు వాళ్లంతట వాళ్లు పరుగెత్తుకొచ్చే పని ఏదన్నా ఉందంటే అది కారు కట్టడమే. పంపు బేరింగు గురించి చెబుతానంటే మా మనవడే రాడు.

మన దేశం నుంచి లె మాన్‌లో మొదట పోటీపడ్డవాడు కరుణ్ చాందోక్, 2012లో, ఆరో స్థానం. అంతకు ముందు 2009లో కార్తికేయన్‌కి ఆడీ కారు దొరికింది, రేసుకి ముందు పిట్ గోడ దూకబోయి భుజం జారి, చూస్తూ నిలబడ్డాడు పాపం. 2025లో గెలిచిన పసుపు రంగు ఫెరారీ కంపెనీ సొంత జట్టుది కూడా కాదు, విడిగా నడిపే కారు. దాన్ని గీత దాటించిన రాబర్ట్ కుబిత్సా కుడిచెయ్యి 2011 ర్యాలీ ప్రమాదంలో నుజ్జయినది. 24 గంటలు నడిచాక రెండో కారుతో తేడా 14 సెకన్లు. ఆ 14 సెకన్లు ఒక్క డ్రైవరు తెచ్చినవి కావు, పిట్‌లో ఎవడో నట్టు తడబడకుండా బిగించాడు కాబట్టి మిగిలినవి. మన ఊరి పిల్లలు స్టీరింగు పట్టుకుని అక్కడికి వెళ్తారా అంటే, అదృష్టం, డబ్బు రెండూ కావాలి. కానీ ఆ నట్టు బిగించే ఉద్యోగానికి మాత్రం మనవాళ్లు ఎవరికీ తీసిపోరు.

కాబట్టి జీవీఎంసీకీ, కలెక్టరుగారికీ, పరిశ్రమల శాఖకీ నా మనవి. మీరు నేల చూపించి షెడ్డు లేపండి. పొద్దున ఏ షిఫ్టుకి ఒకరు, సాయంత్రం బీ షిఫ్టుకి ఒకరు చొప్పున రిటైరైన ఫిట్టర్లను, మిల్‌రైట్లను, వెల్డర్లను తెచ్చే పూచీ నాది. జీతం అడగం. టీలు, రెండు పూటలా ఉప్మా చాలు, బీపీ ఉన్నవాళ్లకి ఉప్పు తగ్గించి. కరెంటు మీటరు ఎవరి పేరు మీద తీసుకోవాలో మాత్రం ముందే తేల్చండి. ఈ ఊళ్లో పనులు ఆగేది అక్కడే.